ఫుల్ క్లోనా, లింక్డ్ క్లోనా?

సర్వర్‌లో నడుస్తూ వాడుకరి తెరపై కనిపించే వర్చువల్ డెస్క్‌టాప్‌లు వంద, ఒక్కొక్కదానికి 40 జీబీ డిస్కు అనుకుందాం. ప్రతి డెస్క్‌టాప్‌కూ పూర్తి నకలు ఇచ్చే ఫుల్ క్లోన్ పద్ధతిలో డిస్కులన్నీ నిండా కేటాయిస్తే 4,000 జీబీ కావాలి. లింక్డ్ క్లోన్‌లో అన్నీ ఒకే మూల ఇమేజ్‌ను (ఉమ్మడి మాతృక డిస్కును) చదువుతూ, తమ మార్పులను మాత్రమే విడిగా రాసుకుంటాయి. అయితే ఆ మార్పుల డిస్కులు వాడేకొద్దీ ఉబ్బుతాయి. అప్పుడప్పుడూ తుడిచి మొదటికి తేవాలి. అప్పుడు వాడుకరి ఫైళ్లు పోకుండా ప్రొఫైళ్లకు (వాడుకరి సెట్టింగులు, ఫైళ్లకు) వేరే చోటు చూడాలి. ప్రణాళికలో తరచూ జారిపోయేది ఈ లెక్కే.

ఫుల్ క్లోన్‌కు ఆ బెడద లేదు. స్టోరేజ్‌లో ఒకే రకం డేటాను ఒక్కసారే దాచే డీడూప్లికేషన్ ఉంటే స్థలం తేడా కూడా బాగా తగ్గుతుంది. ఉదయం అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే వేళ డిస్కుపై ఒత్తిడి పెరిగి రెండింటికీ గండమే. మూల ఇమేజ్‌ను వేగమైన ఫ్లాష్ స్టోరేజ్‌లో ఉంచితే లింక్డ్ క్లోన్ కాస్త తట్టుకుంటుంది. కాల్ సెంటర్‌కు అదే చాలు. సొంత సాఫ్ట్‌వేర్ వేసుకునే డెవలపర్లకు మాత్రం ఫుల్ క్లోనే నయం.