చెన్నైలో జేబు చాకు కొనడం: పార్క్ టౌన్ నుంచి బీచ్ స్టేషన్ దాకా

జేబు చాకు ఫొటో చూసి కొనే వస్తువు కాదు. ఫొటోలో పిడి రంగు, మెరుపు తెలుస్తాయి. అంచు ఎంత పలచగా ఉందో, తెరిచినప్పుడు స్ప్రింగు ఎలా పలుకుతుందో, మూసినప్పుడు మొన పిడిలోకి పూర్తిగా దిగుతుందో లేదో చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది. చాకూ, దానికి సానరాయీ, తోలు తొడుగూ ఒకే పూటలో నడిచి కొనుక్కోగల చోటు చెన్నైలో సెంట్రల్ స్టేషన్‌కీ బీచ్ స్టేషన్‌కీ మధ్య ఉంది. నెల్లూరు, విజయవాడ వైపు నుంచి పొద్దున రైల్లో దిగి రాత్రి బండికి తిరిగిపోయేవాళ్ళకు కూడా ఈ పని అయిపోతుంది.

అయితే బస ఎక్కడ, తిరుగు ప్రయాణం దేంట్లో అన్న రెండూ చాకు కంటే ముందు తేలాలి. కొన్న క్షణం నుంచి మీ సంచిలో కత్తి ఉన్నట్టే. చెన్నై మెట్రోలో సంచి స్కానర్‌లోంచి వెళ్ళాల్సిందే, పదునైన వస్తువు కనిపిస్తే ఆపుతారు. పెద్ద మాళ్ళ గుమ్మాల దగ్గరా అంతే. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డును ఆనుకుని ఉన్న హైకోర్టు ఆవరణకు 2015 నుంచి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం కాపలా ఉంది. చాకు జేబులో పెట్టుకుని ఆ లోపలికి వెళ్ళే ఆలోచన వద్దు.

బస విషయంలో మా ఓటు పార్క్ టౌన్, పెరియమేట్‌లకే. సెంట్రల్‌కు నడక దూరం, చాకుల కొట్లున్న ఈవినింగ్ బజార్‌కూ నడకే, మెట్రో ఎక్కాల్సిన పని లేదు. ఈ వీధుల్లో లాడ్జీలు పాతవి, గదులు ఇరుకు, రోడ్డు వైపు గదైతే తెల్లవారుజాము దాకా లారీల హారన్లు. గది తీసుకునే ముందే వెనకవైపుది అడగాలి. కిటికీ ఉందో లేదో కూడా చూడాలి, లేకపోతే చెన్నై ఉక్కలో తడి ఆరదు. ఎగ్మూర్‌లో కెన్నెట్ లేన్ లాడ్జీలు కాస్త నయం, కానీ అక్కడినుంచి బజారుకు ఆటోయో సబర్బన్ రైలో కావాలి. టీ నగర్‌లో గదులు శుభ్రంగా ఉంటాయి, ధర ఎక్కువ. అక్కడ దిగినవాళ్ళు మెట్రో జోలికి పోకుండా మాంబళం నుంచి బీచ్‌కు సబర్బన్ రైలెక్కితే సరి. బీచ్ స్టేషన్ దిగితే ఎదురుగానే బర్మా బజార్, పక్కనే ప్యారీస్. ఒక్కరోజు పనికి గది దండగనుకుంటే సెంట్రల్ క్లోక్‌రూమ్ ఉంది. సంచికి తాళం వేసి ఉంటేనే తీసుకుంటారు, చిన్న తాళం వెంట తెచ్చుకోండి.

ఆదివారం వెళ్ళొద్దు. ఈ బజార్లుండే జార్జ్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్లు ఎక్కువ భాగం మూసే ఉంటాయి. మిగతా రోజుల్లో పదకొండు తర్వాత వెళ్తే తెరిచి సర్దుకుని ఉంటారు, నాలుగు చాకులు బయట పెట్టి చూపించే ఓపికా ఉంటుంది. సాయంత్రం ఆరు దాటితే నిలబడే చోటుండదు. భాష బెంగ అక్కర్లేదు. కొత్వాల్ చావడి, ఆ చుట్టుపక్కల వ్యాపారంలో తెలుగు వైశ్య కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కూరగాయల మార్కెట్ 1996లో కోయంబేడుకు తరలిపోయినా ఆ వీధుల్లో తెలుగు మాట ఇంకా వినిపిస్తుంది.

ఇక కొట్లు. ఈవినింగ్ బజార్, దాని చుట్టు సందుల్లో వంటింటి కత్తులు, కత్తెరలు, పనిముట్లు అమ్మే కొట్లున్నాయి. చవక మడత చాకులు ఇక్కడ దొరుకుతాయి. బర్మా నుంచి తిరిగొచ్చిన తమిళ కుటుంబాలతో మొదలైన బర్మా బజార్‌లో విదేశీ సరుకు పేరుతో రకరకాలు వేలాడుతుంటాయి: ఇంద్రధనుస్సు రంగు పూత, పిడి మీద పుర్రె బొమ్మ, మీట నొక్కితే ఎగిరి తెరుచుకునేవి. చూడటానికి సరదా, కొనడానికి కాదు. ఆ రంగు పూత కింద చాలాసార్లు మెత్తటి ఉక్కు ఉంటుంది, నాలుగు అట్టపెట్టెలు కోస్తే అంచు వాలిపోతుంది. మీట నొక్కితే తెరుచుకునే రకం పోలీసుల కంట పడితే దానికి సంజాయిషీ చెప్పుకోవడమూ కష్టం. ఆయుధాల నిబంధనల్లో కత్తులకు చెప్పిన కొలతలు 9 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు. మూడంగుళాల లోపు మడత చాకు ఆ కొలతలకు చాలా దూరం. అయినా రూపం చూసి అడిగేవాళ్ళు అడుగుతారు, పండు కోసుకునే చాకులా కనిపించేదే మేలు.

బ్రాండు సరుకు కావాలంటే షోరూముకే వెళ్ళాలి. స్విట్జర్లాండ్ చాకుల కంపెనీ విక్టోరినాక్స్ వాచీలూ సూట్‌కేసులూ కూడా చేస్తుంది కాబట్టి మాళ్ళలో, వాచీ షోరూముల్లో దాని చాకులు కనిపిస్తాయి. అక్కడ ధర తగ్గించరు, కానీ బిల్లూ గ్యారంటీ ఉంటాయి. దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎం.ఆర్.పి., తయారైన దేశం ముద్రించి ఉండాలన్నది చట్టం. ఆ చీటీ లేని పెట్టె పక్కన పెట్టేయండి. నకిలీని పట్టే చోటు ఇంకొకటి ఉంది: పెద్ద బ్లేడు మొదట్లో, కీలు పక్కన, కంపెనీ పేరూ స్విస్ మేడ్ అన్న మాటా సన్నగా, స్ఫుటంగా ఉండాలి. అక్షరాలు అలుక్కుపోయినట్టున్నా, పిడి మీది శిలువ గుర్తు అంచులు రంగు కారినట్టున్నా అది వేరే చోట పుట్టిన సరుకు.

చేతికిచ్చాక తొందరపడొద్దు. మూసి ఉన్న చాకును వెలుతురుకు ఎత్తి పిడి సందులోంచి చూడండి. బ్లేడు మధ్యలో ఉండాలి, ఒక పక్కకు ఒరిగి గోడకు రాసుకుంటే అంచు రోజూ అరుగుతుంది. వేలు పిడి మీదుగా జరిపితే మొన గుచ్చుకోకూడదు. తెరిచి, బ్లేడు వెన్ను రెండు వేళ్ళతో పట్టి పక్కలకు కదిపితే టిక్కుటిక్కుమనకూడదు. గోరు గాడిలో గోరు పెట్టి లాగితే నొప్పి లేకుండా రావాలి, చివర్లో టక్కున నిలవాలి. నిలిచే చోట మెత్తగా ఆగిపోతే స్ప్రింగు నీరసం. ఆ తర్వాత దీపం కింద అంచును కంటికెదురుగా నిలబెట్టి చూడండి. పదునైన అంచు వెలుతురును తిప్పి కొట్టదు, నల్లటి గీతలా ఉంటుంది. ఎక్కడైనా తెల్లగా చుక్క మెరిస్తే అక్కడ అంచు చదునైందని అర్థం. చివరగా బిల్లు కాగితం ఒక మూల పట్టి వేలాడదీసి, బ్లేడు మొదలు నుంచి మొనదాకా లాగండి. ఎక్కడ చిక్కుకుని చిరిగితే అక్కడ గంటు ఉంది. ఈ పని చేయనివ్వని కొట్టులో కొనకండి.

పదును గురించి ఎక్కువమంది పొరబడేది ఒకటుంది. మంచి కంపెనీ కొత్త చాకు ఏదైనా ఫ్యాక్టరీ నుంచి పదునుగానే వస్తుంది. తేడా తెచ్చేది బ్లేడు మందం. వెన్ను 3.5 మి.మీ. ఉన్న బలమైన చాకు మామిడికాయను కోయదు, చీలుస్తుంది. క్యారెట్ ముక్క టక్కున విరిగి ఎగురుతుంది. వెన్ను 2 మి.మీ., ఆ చుట్టుపక్కల ఉన్నది జారుతున్నట్టు దిగుతుంది. రోజూ చేసే పని పార్సిల్ టేపు, పురికొస, పండు, మందుల స్ట్రిప్పు. దీనికి పలచనిదే కావాలి, అందంగా కనిపించేదీ అదే.

ఉక్కు ఎంపికలో చెన్నై గాలికి పెద్ద మాటుంది. ఉప్పు గాలి, పైన చెమట. కార్బన్ ఉక్కు ఓపినెల్ సన్నటి, అందమైన చాకు, ఫ్రాన్స్‌లోని సవోయ్‌లో 1890లో పుట్టింది. దాని 8వ నంబరు సైజులో బ్లేడు పొడవు 8.5 సెం.మీ., కోతలో దానికి సాటి వచ్చేవి తక్కువ. కానీ సముద్రం పక్కన ఉండేవాళ్ళు కార్బన్ రకం కొంటే రాత్రి నిమ్మకాయ కోసి తుడవకుండా పెట్టినది పొద్దున్నకు నల్లబడుతుంది. అదే చాకులో స్టెయిన్‌లెస్ రకం ఉంది, అది తీసుకోండి. దాని బీచ్ చెక్క పిడి కూడా వానాకాలం తేమకు ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు గోళ్ళతో పీకకుండా పిడి వెనక భాగాన్ని బల్లకు మెల్లగా తట్టితే బ్లేడు బయటికి వస్తుంది. అనంతపురం, కర్నూలు పొడి గాలిలో ఈ గొడవ దాదాపు లేదు. డీ2 అనే ఉక్కుకు అంచు నిలుస్తుందని పేరు. అందులో 12 శాతం దాకా క్రోమియం ఉన్నా చాలా భాగం కార్బన్‌తో కలిసిపోతుంది, తుప్పును ఆపడానికి మిగిలేది తక్కువ. చెన్నైలో దాని మీద గోధుమ చుక్కలు లేస్తాయి. విక్టోరినాక్స్ ఉక్కు దీనికి విరుద్ధం: ఉక్కు గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో 56 దగ్గర, అంచు త్వరగా మొద్దుబారుతుంది, కానీ తుప్పు పట్టడం అరుదు, ఐదు నిమిషాల్లో మళ్ళీ పదునెక్కుతుంది. ఈ ఊరికి ఆ బేరమే నయం.

పిడికి ఎర్ర ప్లాస్టిక్ అలవాటైన రూపం, గీతలు త్వరగా పడతాయి. గళ్ళ అల్యూమినియం పిడి ఉన్నవి సన్నగా, చెమట చేతికి జారకుండా ఉంటాయి. షర్టు జేబుకు, ఫార్మల్ ప్యాంటుకు అవే సొగసు. విక్టోరినాక్స్‌లో ఆ రకానివి పయనీర్ 93 మి.మీ., కేడెట్ 84 మి.మీ. కత్తెర కావాలనుకుంటే 91 మి.మీ. క్లైంబర్. స్పార్టన్‌లో కత్తెర ఉండదు, కొందరు ఇంటికెళ్ళాక గమనిస్తారు. ఈ రెంటిలో ఉండే, సీసా బిరడా లాగే కార్క్ మర బిగిసిన ముడి విప్పడానికి చక్కగా పనికొస్తుంది. ఇత్తడి బిళ్ళలున్న పిడి చెమటకు పచ్చబారుతుంది, వారానికోసారి తుడిచే ఓపిక ఉంటేనే తీసుకోండి.

లాకు ఉండాలా అంటే, మొనతో పొడిచే, గుచ్చే పని ఉన్నవాళ్ళకు ఉండాలి. లాకు లేని చాకు మొన మీద బరువు పడితే వేళ్ళ మీదికి మూసుకుంటుంది. కోసే పనికే అయితే స్ప్రింగు చాలు. లాకున్నది కొంటే, తెరిచాక లోపలి లోహపు పట్టీ బ్లేడు మొదలును మూడో వంతైనా పట్టుకుందో చూడండి. అంచున మాత్రమే తగిలి ఉంటే జారుతుంది. అవతలి గోడకు పూర్తిగా ఆనుకుని ఉంటే అప్పటికే అరిగినట్టు.

సాన పట్టే సేవ గురించి గట్టిగా చెప్పాల్సింది ఉంది. మింట్ స్ట్రీట్ వైపు చక్రం తిప్పి సాన పట్టేవాళ్ళు కనిపిస్తారు. కొబ్బరి కత్తికి, కత్తిపీటకు వాళ్ళ పని బాగుంటుంది. జేబు చాకును మాత్రం ఇవ్వకండి. నిప్పురవ్వలు లేచేంత రాపిడిలో సన్నటి అంచు వేడెక్కి నీలి రంగుకు తిరిగితే అక్కడ ఉక్కు చచ్చినట్టే, ఎంత నూరినా పదును నిలవదు. బదులుగా సెంబుదాస్ వీధి హార్డ్‌వేర్ కొట్లలో రాయి కొనుక్కోండి. చెన్నైకే చెందిన కార్బోరండమ్ యూనివర్సల్ 1954లో మొదలైంది. రెండు వైపులా రెండు రకాల గరుకున్న దాని రాయి చవక. కానీ గరుకు వైపు జేబు చాకుకు ఎక్కువ, గంట్లు పడితే తప్ప వాడొద్దు. మామూలు పదునుకు గరుకు నంబరు 1000 ఉన్న రాయి ఉంటే చాలు. పెరియమేట్ తోలు వ్యాపారానికి పేరు. అక్కడ తొడుగుతో పాటు రెండంగుళాల వెడల్పు, పది అంగుళాల పొడవు తోలు ముక్క అడిగి తీసుకోండి, చెక్క మీద అంటిస్తే నూరుడు పట్టీ అవుతుంది. దానికి రాసే పచ్చ పాలిష్ కడ్డీ బంగారం పనివాళ్ళ సామాన్ల కొట్లో దొరుకుతుంది.

నూరేటప్పుడు రాయి తడిపి, 13 మి.మీ. వెడల్పు బ్లేడైతే వెన్నును రాయికి 4 మి.మీ. ఎత్తులో ఉంచండి, దాదాపు పద్దెనిమిది డిగ్రీల కోణం వస్తుంది. ఒక వైపే నూరుతూ పోతే అవతలి వైపు వేలికి గరగరా తగిలే సన్నటి పొర లేస్తుంది. అది మొదలు నుంచి మొనదాకా లేచేవరకు వైపు మార్చొద్దు. చాలామంది సగంలో మార్చి, పదును రాలేదంటారు. తర్వాత రెండో వైపు అలాగే, ఆపై బరువు తగ్గించి ఒక్కో వైపు ఒక్కోసారి పదిమార్లు, చివర తోలు మీద వెనక్కి లాగుతూ. కీలుకు వేరుశనగ, నువ్వుల నూనె వేయకండి, జిగురుకట్టి దుమ్ము పడుతుంది. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ ఒక్క చుక్క చాలు.

తిరుగు ప్రయాణం రైలైతే చాకును మూసి, తొడుగులో, బిల్లుతో సహా సంచి అడుగున పెట్టండి. విమానమైతే చేతి సంచిలో ఎంత చిన్నదైనా పోనివ్వరు, కౌంటర్‌లో ఇచ్చే పెట్టెలోనే వేయాలి. చేతి సంచి ఒక్కటే ఉన్నవాళ్ళు ముందురోజే అట్టపెట్టెలో మూసి, కదలకుండా చుట్టి ఇంటికి పార్సిల్ చేయడం మంచిది. పోస్టులో సరిగా కప్పని పదునైన వస్తువు తీసుకోరు. చెన్నై నుంచి అటే తిరుమల వెళ్ళేవాళ్ళు దర్శనం ముగించుకుని వచ్చాక కొనేలా చూసుకోవాలి, లేదా కింద తిరుపతి గదిలోనే వదిలి వెళ్ళాలి. అలిపిరి దగ్గర వాహనాలూ సంచులూ తనిఖీ చేస్తారు. అక్కడ దొరికిన చాకు మళ్ళీ చేతికి వస్తుందన్న ఆశ పెట్టుకోకూడదు.