వరద డ్యూటీకి ఎవరిని పిలవాలి: ఏది మేలు?

2015 డిసెంబర్ 1న చెన్నై శివారు తాంబరంలో 24 గంటల్లో 49 సెంటీమీటర్ల వాన కురిసింది. 2023 డిసెంబర్‌లో మిగ్‌జాం తుఫాను మన బాపట్ల దగ్గర తీరం దాటేలోపే చెన్నైని ముంచేసింది. రెండుసార్లూ వేలచ్చేరిలో మా వీధిలో నీళ్లు నిలిచాయి.

వరద పనికి మనుషుల్ని పిలవడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది, ఏ శాఖ పని ఆ శాఖే చూసుకోవడం. నిపుణులే వస్తారు, అది మంచిదే. కానీ మా వీధికి నీళ్లు తోడే మోటారు పంపింది ఒక శాఖ, డీజిల్‌కి సంతకం పెట్టాల్సింది ఇంకో శాఖ. మోటారు సాయంత్రం దాకా ఊరికే నిలబడి ఉంది. పక్కింటి పెద్దావిడ మంచం మీద కూర్చుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ రోజు నేను మరచిపోలేను.

రెండోది, బయటి జిల్లాల నుంచి మనుషుల్ని రప్పించడం. చెత్త ఎత్తడానికి, పడవలు నడపడానికి వీళ్లు లేకపోతే పని జరగదు. చెన్నైకి బయట అరక్కోణంలో ఉండే ఎన్‌డీఆర్‌ఎఫ్, అంటే జాతీయ విపత్తు స్పందన దళం, అలాంటిదే. కానీ బురద నీళ్ల కింద మ్యాన్‌హోల్ ఎక్కడుందో వాళ్లకు తెలియదు. మా వీధిలో పూలమ్మే ఆమే ముందు నడిచి చూపించింది.

మూడోది నాకు నచ్చింది: ఎన్నికల డ్యూటీ లాంటిది. ఎన్నికలకు టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, గుమాస్తాలు అందరూ వస్తారు. ముందే లిస్టు, ట్రైనింగ్, చేతిలో ఆర్డరు ఉంటాయి. చట్టం ప్రకారం ఆ రోజులకు వాళ్లు ఎన్నికల సంఘం అదుపులోకి వెళ్తారు, సొంత ఆఫీసరు మాట చెల్లదు. వరదకూ అదే కావాలి. చెన్నై కార్పొరేషన్‌ని జోన్లుగా విడదీశారు. ఒక్కో జోన్‌కి ఒకే అధికారిని పెట్టి, అన్ని శాఖల మనుషుల్నీ, డీజిల్ సంతకాన్నీ ఆయన చేతికే ఇవ్వాలి.

అయితే టీచర్‌ని నడుంలోతు నీళ్లలోకి దింపకూడదు. వాళ్లకు శిబిరాలు, భోజనాలు, ఫోన్లు అప్పగిస్తే చాలు. కరెంటు తీగలు లైన్‌మన్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఇంకో చిక్కుంది: ఉద్యోగి ఇల్లే మునిగితే? పిల్లల్ని వదిలి డ్యూటీకి రమ్మనడం అన్యాయం. అందుకే ప్రతి లిస్టులో సగం మంది ఆ వీధులు తెలిసినవాళ్లు, సగం మంది మెరక ప్రాంతాల వాళ్లు ఉండాలి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్‌లో వస్తాయి. ఆ లిస్టు సెప్టెంబర్‌లోనే ప్రతి వార్డు ఆఫీసు గోడ మీద కనిపించాలి, జోన్ అధికారి ఫోన్ నంబరుతో సహా.