నడుము బిగిసే వాతానికి నాప్రోక్సెన్: ఏళ్ళ తరబడి వాడిన రోగి సమీక్ష

నాప్రోక్సెన్ నాకు నడుము వంచగలిగే శక్తిని తిరిగి ఇచ్చిన మందు. అదే వర్గానికి చెందిన నొప్పి మాత్రలు ఒక వేసవిలో మా మేనమామ కిడ్నీలను దెబ్బతీసేంత పని చేశాయి. ఒకే కుటుంబంలో ఈ రెండింటినీ దగ్గరగా చూసినవాడిని కాబట్టి, నొప్పి మాత్ర ఎంత బాగా పనిచేస్తుందో, దాన్ని ఏ జాగ్రత్తల మధ్య వాడుకోవాలో వివరంగా రాయాలనిపించింది.

నాకున్న జబ్బు పేరు యాంకైలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసల కీళ్ళలోనూ, వెన్ను కిందికొస తుంటి ఎముకలతో కలిసే చోటా వాపు వచ్చి, పట్టించుకోకపోతే క్రమంగా వెన్ను బిగుసుకుపోయే వాతం ఇది. మామూలు నడుము నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. ఇది పడుకుంటే ఎక్కువై, కదిలితే తగ్గుతుంది. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వస్తుంది, లేచాక అరగంటకు పైగా నడుము చెప్పిన మాట వినదు. సాధారణంగా 45 ఏళ్ళ లోపే మొదలవుతుంది. దీనికి వ్యాయామంతో పాటు, స్టెరాయిడ్ కాని నొప్పి, వాపు మందులే మొదటి వైద్యం. ఆ వర్గంలో కనీసం రెండు మందులను, ఒక్కొక్కదాన్ని రెండు నుంచి నాలుగు వారాల పాటు వాడి చూసి, ఫలితం లేదని తేలిన తర్వాతే వాపును రేపే రోగనిరోధక సంకేతాలను అడ్డుకునే ఖరీదైన బయలాజిక్ ఇంజెక్షన్ల వైపు వెళతారు. అంటే నాలాంటి రోగికి నొప్పి మాత్ర అనేది నొప్పిని తాత్కాలికంగా కప్పిపుచ్చే వస్తువు కాదు, జబ్బుకు జరిగే అసలు వైద్యంలో భాగం. నొప్పి మాత్ర అనగానే కిడ్నీలు పోతాయని భయపడి ఈ జబ్బున్నవారు మందు మానేయడం నేను చూశాను, అది నాకు చాలా బాధ కలిగించే విషయం.

డాక్టరు గారు నాకు మొదట ఆ వర్గంలోదే అయిన డైక్లోఫెనాక్ రాశారు. పగలు బాగానే ఉండేది కానీ తెల్లవారుజాము నొప్పి తగ్గలేదు, పైగా కడుపులో మంట మొదలైంది. అప్పుడు నాప్రోక్సెన్ 500 మిల్లీగ్రాములు ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున మార్చారు. రక్తంలో దీని మోతాదు సగానికి తగ్గడానికి 12 నుంచి 17 గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి అన్నం తిన్నాక వేసుకున్న మాత్ర తెల్లవారే వరకూ ఆదుకుంటుంది. నా విషయంలో నిద్ర ముందుగా కుదుటపడింది, ఉదయపు బిగుతు తగ్గడానికి ఇంకొంత కాలం పట్టింది. పీట మీద కూర్చుని భోంచేయడం, బండి మీద కావలి పట్టణం దాకా వెళ్ళి రావడం మళ్ళీ మామూలు పనులయ్యాయి. నొప్పి తగ్గించే గుణం వరకే చూస్తే ఈ మందుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను. పారాసిటమాల్ నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుందే తప్ప వాపు మీద దాని ప్రభావం స్వల్పం, నా బిగుతుకు అది ఏ మాత్రం సాయపడలేదు.

ఈ వర్గంలోని మందులన్నీ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీని అడ్డుకుంటాయి. ఈ సంగతిని 1971లో వెల్లడించిన బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. కీలులో వాపును, నొప్పిని రేపేవి ప్రోస్టాగ్లాండిన్లే. కడుపు లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడేవీ, శరీరంలో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తప్రవాహం తగ్గకుండా చూసేవీ కూడా అవే. కాబట్టి ఈ మందు చేసే మేలూ, కీడూ ఒకే పనికి రెండు వైపులు. ఈ ఒక్క విషయం అర్థమైతే జాగ్రత్తలు వేటికవి బట్టీ పట్టనక్కర లేదు.

కడుపు సంగతి తీసుకుంటే, నా దినచర్య ఇలా ఉంటుంది. నిద్ర లేవగానే మంచినీళ్ళతో, కడుపులో ఆమ్లాన్ని తగ్గించే పాంటోప్రజోల్ 40 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటాను. అది పరగడుపున, తినడానికి అరగంట ముందు పడితేనే సరిగా పనిచేస్తుంది. ఆ తర్వాత ఇడ్లీయో దోసెయో తిని, చివరి ముద్ద అయ్యాక గ్లాసు నిండా నీళ్ళతో నాప్రోక్సెన్. మాత్ర వేసుకున్న వెంటనే పడుకోను. చాలామంది ఈ రెండు మాత్రలనూ కలిపి ఒకేసారి మింగేస్తారు, లేదా గ్యాస్ మాత్ర ఉంది కదా అని ఖాళీ కడుపున నొప్పి మాత్ర వేసుకుంటారు. పాంటోప్రజోల్ కడుపులో పుండు పడే అవకాశాన్ని తగ్గిస్తుంది, అంతేకానీ కిడ్నీలకు, గుండెకు అది ఏ రక్షణా ఇవ్వదు. మలం తారులాగా నల్లగా, జిగటగా వస్తే లోపల రక్తం పోతున్నట్టు భావించి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవారికి కూడా మలం నల్లబడుతుంది కాబట్టి ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. నాకు దీర్ఘకాలం మందు మొదలుపెట్టే ముందే హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా కడుపులో ఉందేమో పరీక్ష చేయించారు. అది ఉన్నవారికి పుండ్ల ముప్పు పెరుగుతుంది, ముందే మందులతో దాన్ని పోగొట్టవచ్చు.

పల్లెల్లో బలంగా నాటుకుపోయిన నమ్మకం ఒకటి ఉంది: మాత్ర అయితే కడుపు పాడవుతుంది, సూది అయితే ఏమీ కాదు అని. ఇది నిజం కాదు. మందు నోటి ద్వారా వెళ్ళినా, పిరుదుకు పొడిచినా, చివరికి రక్తంలో కలిసి కడుపు పొరలోని ప్రోస్టాగ్లాండిన్లను తగ్గిస్తుంది. అంతకంటే ప్రమాదకరమైనది, కొన్నిచోట్ల నొప్పి సూదితో పాటు డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ కూడా కలిపి ఇవ్వడం. ఆ రెండూ కలిసినప్పుడు పుండు పడి రక్తస్రావమయ్యే ముప్పు బాగా ఎక్కువవుతుంది. రోగి మాత్రం ఆ రోజుకు నొప్పి పూర్తిగా మాయమైందని సంతోషిస్తాడు.

ఇప్పుడు మా మామ విషయం. వారిది ప్రకాశం ప్రాంతంలో కనిగిరి దగ్గరి పల్లె. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత సమస్యో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కర లేదు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రమాణం. దశాబ్దాల పాటు అంతకు మించిన నీళ్ళు తాగినవారికి కీళ్ళు పట్టేయడం, వెన్ను వంగిపోవడం వస్తాయి. ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్‌ను ఏ నొప్పి మాత్రా బయటికి తీయలేదు, అయినా జనానికి దిక్కు నొప్పి మాత్రే. రోహిణి కార్తె ఎండల్లో పెళ్ళికని వెళ్ళినప్పుడు మామ పాదాలు వాచి ఉండటం చూసి, వాడుతున్న మందులన్నీ తెమ్మన్నాను. ఆయన ప్లాస్టిక్ కవరు తెచ్చి నులక మంచం మీద బోర్లించారు. బీపీకి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఒకటి. ఎసిక్లోఫెనాక్, పారాసిటమాల్, సెరాషియోపెప్టిడేజ్ కలిసినది ఇంకొకటి. మూడోది స్ట్రిప్పు నుంచి కత్తెరతో కోసి ఇచ్చిన ముక్క, పేరున్న భాగం పోయి చివరి అక్షరాలు మాత్రమే మిగిలాయి, వాటిని బట్టి అది డైక్లోఫెనాక్ అని తెలిసింది. "ఇది మోకాళ్ళకి, అది నడుముకి. రెండూ వేరు గదరా అబ్బాయ్" అన్నారు మామ. "మోకాలేదో నడుమేదో మాత్రకు తెలియదు మామా, రెండూ ఒకే జాతి మందులు" అని చెప్పి, మర్నాడే ఒంగోలు తీసుకువెళ్ళి రక్తపరీక్ష చేయించాము. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ 2 దాటింది.

అక్కడి డాక్టరు వివరించిన విషయం నేను ఎప్పటికీ మరువను. టెల్మిసార్టన్, లోసార్టన్, రామిప్రిల్ వంటి బీపీ మందు ఒకటి, హైడ్రోక్లోరోథయజైడ్ లాగా మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు ఒకటి, వీటికి తోడు నొప్పి మాత్ర, ఈ మూడూ కలిస్తే కిడ్నీ తన రక్తప్రవాహాన్ని సర్దుకునే దారులన్నీ మూసుకుపోతాయి. దానికి మండుటెండలో చెమట పట్టి నీరు తగ్గడం తోడైతే కొద్ది రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినవచ్చు. మామ విషయంలో రెండు నొప్పి మాత్రలూ ఆపించి, బీపీ మందు మార్చారు, కొన్ని వారాలకు క్రియాటినిన్ దాదాపు మామూలు స్థాయికి వచ్చింది. శరీరంలోని ఫ్లోరైడ్ ప్రధానంగా మూత్రం ద్వారానే బయటికి పోతుంది. ఆ ఊళ్ళలో నొప్పి మాత్రలతో కిడ్నీని బలహీనపరచుకుంటే, నొప్పికి మూలమైన ఫ్లోరైడ్ ఒంట్లో మరింతగా నిలిచిపోతుంది. ఈ మాట ఆ ప్రాంతపు ప్రతి ఇంటికీ చేరాలని నా కోరిక.

నా వరకు డాక్టరు గారు పెట్టిన నియమం సులువైనది. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ, సరిగా తినలేని జ్వరం, వీటిలో ఏది వచ్చినా నాప్రోక్సెన్ ఆపి ఫోన్ చేయాలి. కోలుకుని మామూలుగా తింటూ తాగుతున్నప్పుడే మళ్ళీ మొదలుపెట్టాలి. జ్వరం విషయంలో మరో కారణం కూడా ఉంది. మా జిల్లాలో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, వాటితో పాటే దోమలూ, డెంగీ కేసులూ వస్తాయి. డెంగీలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు పడిపోతాయి కాబట్టి, రక్తస్రావాన్ని పెంచే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి వాడకూడదు. జ్వరానికి, ఒళ్ళు నొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే తగిన మోతాదులో వేసుకోవాలి.

పేర్ల గందరగోళం గురించి ఇంకొంచెం చెప్పాలి. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్, పారాసిటమాల్ ఉంటాయి. వోవెరాన్ అంటే డైక్లోఫెనాక్. జిరోడాల్-ఎస్పీలో ఎసిక్లోఫెనాక్ ఉంటుంది. పెట్టె మీద పెద్ద అక్షరాల పేరు వేరుగా కనిపిస్తుంది కాబట్టి, పంటి నొప్పికి ఒకటి, తలనొప్పికి ఒకటి, నడుముకు ఒకటి అంటూ ఒకే రోజున రెండు మూడు చేరిపోతాయి. అందుకే నేను స్ట్రిప్పు కోయించకుండా పూర్తిగా కొంటాను. చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు, గడువు తేదీ రెండూ చదువుతాను. జన ఔషధి దుకాణంలో దొరికే మాత్ర మీద అసలు మందు పేరే ప్రధానంగా ఉంటుంది, ఈ కారణంగా కూడా అది నాకు నచ్చింది, ధర తక్కువ కావడం సరేసరి.

గుండె విషయంలో ఈ వర్గంలోని మందులన్నీ ఒకటి కావు. ఇదే వర్గపు రోఫెకాక్సిబ్‌ను గుండెపోటు, పక్షవాతం ముప్పు బయటపడి 2004లో ప్రపంచవ్యాప్తంగా మార్కెట్ నుంచి ఉపసంహరించారు. డైక్లోఫెనాక్‌తో గుండెకు ముప్పు ఆ జాతి కాక్సిబ్ మందులతో సమానంగా ఉందని యూరోపియన్ మందుల సంస్థ 2013లో హెచ్చరించింది. నాప్రోక్సెన్‌కు ఈ ముప్పు కాస్త తక్కువగా కనిపిస్తుంది, దానికి బదులు కడుపు మీద భారం ఎక్కువ. బీపీ పెరగడం మాత్రం దాదాపు అన్నిటికీ ఉంది. నాకూ బీపీ కొంత పెరిగింది, అది ఇంట్లోని యంత్రంలో వారం వారం చూసుకోవడం వల్లే తెలిసింది. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారు, అదే పనికి వార్ఫరిన్ వాడేవారు, గుండె బలహీనంగా ఉన్నవారు తమ డాక్టరును అడగకుండా ఒక్క మాత్ర కూడా వేసుకోరాదు. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చేసే పనికే అడ్డు పడగలదు.

గర్భిణులు 20 వారాలు దాటాక ఈ మందులకు దూరంగా ఉండాలి. నెలలు నిండే కొద్దీ బిడ్డ గుండె వద్ద పుట్టేవరకు తెరిచి ఉండవలసిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. ఆస్పిరిన్ పడని ఉబ్బస రోగులకు ఈ వర్గమంతా పడకపోవచ్చు. ఈ వర్గంలోదే అయిన నిమెసులైడ్‌ను 12 ఏళ్ళ లోపు పిల్లలకు ఇవ్వడాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. బహిష్టు నొప్పికి ఎక్కువగా వాడే మెఫెనమిక్ ఆమ్లం వల్ల దద్దుర్లు, జ్వరంతో మొదలై లోపలి అవయవాలకు పాకే తీవ్రమైన అలర్జీ రావచ్చని మందుల భద్రతను గమనించే భారత ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరిక జారీ చేసింది. ఏ మందుతోనైనా ఇటువంటి దుష్ప్రభావం కనిపిస్తే 1800 180 3024 అనే టోల్ ఫ్రీ నంబరుకు ఎవరైనా తెలియజేయవచ్చు.

పరీక్షల ఖర్చును నేను మందు ఖర్చులో భాగంగానే లెక్కవేస్తాను. మందు మొదలుపెట్టే ముందు, ఆ తర్వాత కొద్ది వారాలకు, అటుపైన కొన్ని నెలలకొకసారి క్రియాటినిన్, హిమోగ్లోబిన్, లివర్ పరీక్ష చేయిస్తున్నారు. ఫలితాలను తేదీలతో ఒకే పుస్తకంలో వరుసగా రాసుకుంటాను. ఎందుకంటే ఒక్క అంకెను విడిగా చూస్తే మామూలుగానే కనిపించవచ్చు. హిమోగ్లోబిన్ నెమ్మదిగా తగ్గుతోందన్నా, క్రియాటినిన్ మెల్లగా పైకి పోతోందన్నా వరుసలోనే పట్టుబడుతుంది.

మోకాలు, చేతివేళ్ళ కీళ్ళ అరుగుదల మాత్రమే ఉన్నవారికి మాత్ర కంటే ముందు డైక్లోఫెనాక్ జెల్ వాడి చూడమని నా సలహా. అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ, మామకు ఇప్పుడు మోకాళ్ళకు డాక్టరు రాసింది అదే. వెన్నెముక లోపలి కీళ్ళకు మాత్రం జెల్ చేరదు. నా వాపు అదుపులోకి వచ్చాక డాక్టరు గారు నాప్రోక్సెన్‌ను 250 మిల్లీగ్రాములకు తగ్గించి చూశారు, బిగుతు తిరిగి రాలేదు. ప్రస్తుతం ఉదయం మాత్ర పూర్తిగా మాని, రాత్రి పూట 250 ఒక్కటే వేసుకుంటూ, పొద్దున వెన్నుకు సంబంధించిన వ్యాయామాలు చేస్తున్నాను. వచ్చే పరీక్షలో రక్తంలో వాపు సూచికలు కూడా తక్కువగా ఉంటే, దాన్నీ నొప్పి ఉన్న రోజులకే పరిమితం చేద్దామన్నారు.