పార్కు లోపలే గది తీసుకోవాలా, సిటీలో లాడ్జి చాలా? మా రెండు ట్రిప్పుల లెక్క

మా అప్ప (అక్క) మొన్న శ్రీకాకుళం నుంచి ఫోన్ చేసి, "సంక్రాంతి అయ్యాక గుంటల్ని (పిల్లల్ని) రామోజీ ఫిల్మ్ సిటీ తీసుకెళ్దాం అనుకుంటన్నాం, లోపల హోటల్లోనే దిగమంటావా, సిటీలో ఎక్కడో దిగి పొద్దున్నే వెళ్ళిపోతే సరిపోద్దా, నువ్వు రెండూ చూసేసేవు కదా చెప్పే" అంది. అరగంట మాట్లాడినా ఇంకా చెప్పాల్సింది మిగిలిపోయింది, మన వైపు వాళ్ళు చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి మొత్తం ఇక్కడ రాసేస్తున్నా.

హైదరాబాద్ వాళ్ళు ఈ ప్రశ్నకి చెప్పే జవాబు మనకి పనికిరాదు. వాళ్ళు పొద్దున్న టిఫిన్ చేసి కారెక్కి రాత్రికి ఇంటికి వచ్చేస్తారు. మనం విజయనగరంలో సాయంత్రం బస్సెక్కితే ఆరొందల కిలోమీటర్ల పైమాటే, రాత్రంతా కూర్చుని తెల్లారేక దిగుతాం. పార్కు గేటు తీసేది తొమ్మిదికి, హోటల్ వాళ్ళు గది ఇచ్చేది మధ్యాహ్నానికి, మన బస్సు చేరేది ఆరున్నరకో ఏడుకో. ఈ మూడు టైములూ ఒకదానికొకటి కుదరవు. గదిలో ఏసీ ఉందా, పరుపు మెత్తగా ఉందా అన్నది తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ టైముల సంగతి తేల్చుకుంటే డబ్బులు ఎక్కడ పెట్టాలో దానంతటదే తెలుస్తుంది.

మొదటిసారి 2022 డిసెంబరులో వెళ్ళేం. నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు, అత్తయ్య, మామయ్య, మొత్తం ఆరుగురం. లోపల హోటల్ ఖరీదు చూసి భయపడి ఎల్బీ నగర్ దాటేక ఒక లాడ్జిలో రెండు గదులు చెప్పుకున్నాం, ఫోన్లో "ఇరవై నాలుగు గంటల చెకిన్ అండి, ఎప్పుడొచ్చినా ఇస్తాం" అన్నారు. తీరా పొద్దున్న ఏడింటికి సామానుతో వెళ్తే గదులు ఖాళీ అవ్వలేదు, పన్నెండు దాటాలి అన్నారు. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, రాత్రంతా కాళ్ళు కిందకి వేలాడేసుకుని కూర్చోవడంతో పాదాలు వాచిపోయి చెప్పులు పట్టలేదు, ఆవిడ మెట్ల మీద కూర్చుని చీర అంచు కొంచెం పైకి తీసి బొటనవేలితో పాదం నొక్కి చూసుకుంటే పడ్డ సొట్ట అలాగే ఉండిపోయింది. "అమ్మాయ్, నాకేటీ పర్లేదు, మీరు పిల్లల్ని తీసుకెళ్ళిరండి" అంది. అలా ఎలా వదిలేస్తాం. కింద బాత్రూమ్ ఒకటే ఉంటే ఆరుగురం వంతుల వారీగా ముఖాలు కడుక్కుని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తినేసి, కేబ్ మాట్లాడుకుని బయల్దేరేసరికి తొమ్మిదిన్నర. వనస్థలిపురం, హయత్‌నగర్ ట్రాఫిక్ దాటి, టికెట్ల క్యూ అయ్యి లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండు కావొస్తోంది. పొద్దున్న చేసే ప్రారంభ వేడుక అప్పటికే అయిపోయింది.

నాకు ఎక్కువ బాధ అనిపించింది ఏంటంటే, మేం కేబ్‌లో వెళ్ళిన రోడ్డూ తెల్లారి మా బస్సు వచ్చిన రోడ్డూ ఒకటే. ఫిల్మ్ సిటీ ఉన్నది విజయవాడ హైవే మీద అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర, మన బస్సు హయత్‌నగర్ చేరకముందే ఆ గేటుకి వెళ్ళే దారి ముందునుంచే పోతుంది. మేం అది దాటి సిటీలోకి వెళ్ళి, మళ్ళీ డబ్బులిచ్చి వెనక్కి వచ్చేం. సికింద్రాబాద్‌లో దిగే రైలు వాళ్ళకి ఈ సౌకర్యం లేదు, బస్సులో వచ్చే మనకి ఉంది. డ్రైవర్‌కి ఎక్కేటప్పుడే చెప్పి పెట్టుకుంటే అక్కడ ఆపుతారు.

రెండోసారి 2025 జనవరిలో వెళ్ళినప్పుడు అదే చేసేం. లోపల హోటళ్ళు రకరకాలున్నాయి, సితార పెద్ద హోటల్, తార దానికంటే కొంచెం తక్కువ, శాంతినికేతన్ ఇంకా తక్కువలో వస్తుంది. మేం తక్కువలోది చూసుకుని ఒక్క రాత్రికి ప్యాకేజీ తీసుకున్నాం. తీసుకునే ముందు మా ఆయన కాగితం మీద లెక్క వేసేడు, ఆ లెక్క అందరూ వేసుకోవాలని నా అభిప్రాయం. ప్యాకేజీ రేటు చూసి అమ్మో అనుకోకూడదు, అందులో పార్కు టికెట్లు ఎన్ని కలిసున్నాయో చూసి వాటి ఖరీదు తీసెయ్యాలి, పొద్దున్న టిఫిన్ కలిపితే అదీ తీసెయ్యాలి, మిగిలిందే గది అద్దె. మొదటిసారి మాకు లాడ్జికి 3,600, కేబ్‌కి రానూ పోనూ 2,800, ఆరుగురికి టిఫిన్లు ఇంకో 600, మొత్తం ఏడు వేలు అయింది. రెండోసారి టికెట్లు తీసేస్తే మిగిలింది దానికంటే రెండు వేల పైచిలుకు ఎక్కువ. అంటే నిజానికి మేం ఆలోచించాల్సింది ఆ రెండు వేల గురించి, ప్యాకేజీ మొత్తం గురించి కాదు. శని ఆదివారాలు, పండగ సెలవులు అయితే ఈ తేడా పెరుగుతుంది, మామూలు రోజు అయితే తగ్గుతుంది.

పొద్దున్న ఏడు కాకముందే హైవే మీద దిగేం, చలిగా ఉంది, ఆటోలో గేటు దాకా వెళ్ళేం. గది అప్పుడే ఇవ్వరని ముందే ఫోన్ చేసి కనుక్కున్నాం కాబట్టి కంగారు పడలేదు, సామాను తీసుకుని ముఖాలు కడుక్కోవడానికి చోటు చూపించేరు, అది చాలు. తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉన్నాం, ఈసారి ప్రారంభ వేడుక పిల్లలు ముందు వరసలో నిలబడి చూసేరు. మా పెద్దోడికి పదకొండేళ్ళు, వాడికి వైల్డ్ వెస్ట్ స్టంట్ షో పిచ్చిగా నచ్చేసింది, చిన్నదానికి ఆరేళ్ళు, పిల్లలు ఆడుకునే ఫండుస్తాన్‌లో వదిలితే ఇక కదల్లేదు. మామయ్యకి బాహుబలి సెట్టు దగ్గర ఫోటో కావాలి, తీయించుకున్నారు, దాన్నే ఇప్పుడు ఫోన్లో పెట్టుకున్నారు.

1996లో కట్టింది, 1,666 ఎకరాలు, ప్రపంచంలోనే పెద్ద స్టూడియోగా గిన్నిస్‌లో ఎక్కింది, ఇవన్నీ మనందరికీ తెలిసినవే. కానీ అంత స్థలం అంటే పెద్దవాళ్ళకి ఏంటో లోపలికి వెళ్ళేకే తెలుస్తుంది. బస్సుల్లో తిప్పుతారు నిజమే, అయినా ప్రతి చోటా దిగాలి, ఎక్కాలి, మెట్లు, క్యూలు, ఎండ. రెండు దాటేసరికి అత్తయ్య మాట్లాడటం మానేసింది. ఆవిడ నొప్పి వస్తే చెప్పదు, మాట్లాడటం మానేస్తుంది అంతే. మా ఆయన అప్పుడే గది తాళం తీసుకుని ఆవిడని తీసుకెళ్ళి పడుకోబెట్టి వచ్చేడు. నేను నాలుగున్నరకి చిన్నదాన్ని తీసుకుని వెళ్ళి చూస్తే, ఆవిడ రెండు దిళ్ళు మడమల కింద పెట్టుకుని, ఫ్యాను కింద, నోరు కొంచెం తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. వేడినీళ్ళతో స్నానం చేసింది కాబోలు, తడి జుట్టు దిండు మీద పరిచి ఉంది. చిన్నది వెళ్ళి పక్కన పడుకుంటే కళ్ళు తెరవకుండానే చెయ్యి దాని మీద వేసింది. రెండు వేల తేడా నాకు ఆ ఒక్క గంటలోనే తిరిగొచ్చేసింది అనిపించింది, ఎందుకంటే సాయంత్రం మళ్ళీ ఆవిడ మాతో బయటికి వచ్చి తిరిగింది. మొదటిసారి అదే టైముకి ఆవిడ ఒక చెట్టు కింద బెంచీ మీద కూర్చుని మా కోసం మూడు గంటలు ఎదురుచూసింది.

సాయంత్రం టూరిస్టులందరూ వెళ్ళిపోయేక ఆ నిశ్శబ్దం కూడా బాగుంటుంది, పిల్లలు లాన్‌లో ఆడుకుని ఎనిమిదికే పడిపోయేరు. ఆ టైముకి మొదటిసారి మేం ఇంకా ట్రాఫిక్‌లోనే ఉన్నాం, చిన్నది కేబ్‌లో వాంతి చేసుకుంది.

లోపల దిగితే లేనిది ఏంటంటే మన ఇష్టం వచ్చిన తిండి. వీధి చివర ఇడ్లీ బండి, నలభై రూపాయల దోసె అక్కడ ఉండవు, ఏది తిన్నా అక్కడి రేటుకే. పిల్లల కోసం జంతికలు, సున్నుండలు ఇంటినుంచి గదికి సరిపడా పట్టుకెళ్ళండి. ఇంకోటి, ఆ చుట్టుపక్కల నడిచి వెళ్ళి చూసేదేమీ లేదు, చార్మినార్, సాలార్‌జంగ్ మ్యూజియం కూడా చూడాలంటే మర్నాడు సిటీకి వెళ్ళాల్సిందే. మేం అలాగే పొద్దున్న గది ఖాళీ చేసి సిటీ చూసుకుని రాత్రి బస్సెక్కేం. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకోండి.

అందుకని అప్పకి నేను చెప్పింది ఇది. మీ ఇంట్లో అరవై దాటినవాళ్ళో, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలో ఉంటే లోపలే ఒక రాత్రి తీసుకోండి, తక్కువలో దొరికేది తీసుకోండి, పెద్ద గది అక్కర్లేదు, ఎందుకంటే మనం గదిలో ఉండేది కాళ్ళు చాపుకోవడానికే. మీరిద్దరూ, కాలేజీ వయసు పిల్లలూ అయితే అసలు వద్దు, పొద్దున్న హైవే మీద దిగి, ఫ్రెషప్ అయ్యి, సామాను ఎక్కడ పెట్టుకోవచ్చో ముందే కనుక్కుని, సాయంత్రం దాకా చూసుకుని అదే హైవే మీద రాత్రి బస్సు ఎక్కేయండి, ఆ గది డబ్బులు మిగుల్తాయి. రాత్రి తొమ్మిదికి చేరి మర్నాడు పొద్దున్నే ఖాళీ చేసే ప్లానైతే లోపలి గది దండగ, ఆ ఖరీదు మధ్యాహ్నం నడుం వాల్చుకోవడంలోనే ఉంది.

రైడ్లు కావాలనే పిల్లలు ఉంటే లెక్క వేరే. మా పెద్దోడు ఇప్పుడు వండర్‌లా (రైడ్ల పార్కు) అంటున్నాడు. బెంగళూరు దగ్గర బిడది వండర్‌లా పక్కనే వాళ్ళ రిసార్ట్ ఉంది, నీళ్ళలో ఆడి తడిబట్టలతో నీరసంగా వచ్చే పిల్లలకి పక్కనే గది ఉండటం నిజంగా బాగుంటుంది, కానీ మనకి అది మరీ దూరం. మనకి అన్నిటికంటే దగ్గర ఇప్పుడు భువనేశ్వర్ వండర్‌లా, 2024లో ఖుర్దా వైపు తెరిచేరు. శ్రీకాకుళం వాళ్ళకి హైదరాబాద్‌లో సగం దూరం. పెద్ద రైడ్లకి 140 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి కాబట్టి మా చిన్నదాన్ని ఇంకో మూడు నాలుగేళ్ళ దాకా తీసుకెళ్ళి లాభం లేదు, టికెట్ కొని పక్కన నిలబెట్టడమే అవుతుంది. అప్ప పిల్లలు ఇద్దరూ ఆ ఎత్తు దాటేసేరు, వాళ్ళు సుబ్బరంగా వెళ్ళొచ్చు.

అప్పని ఆ ట్రిప్పుకి పార్కు పక్కన గది కోసం వెతుక్కోకుండా భువనేశ్వర్ ఊళ్ళో స్టేషన్ దగ్గర రెండు రాత్రులు తీసుకోమన్నాను. విశాఖ నుంచి మధ్యాహ్నం బయల్దేరే వందే భారత్ విజయనగరంలోనూ ఆమదాలవలసలోనూ (శ్రీకాకుళం రోడ్ స్టేషన్) ఆగి రాత్రికి భువనేశ్వర్ చేరుతుంది, తిరిగి వచ్చేది అక్కడ తెల్లవారుజామునే బయల్దేరుతుంది. రాత్రి దిగి నేరుగా గదికి వెళ్ళి పడుకోవచ్చు, మెట్ల మీద కూర్చునే పని లేదు. మర్నాడు పార్కంతా చూసి రెండో రాత్రి కూడా అక్కడే పడుకుని తెల్లారి బండెక్కితే మధ్యాహ్నం భోజనం టైముకి అప్ప ఇంట్లో ఉంటుంది. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దగ్గరలో చూసుకోమన్నాను, ఆ టైములో ఆటో దొరుకుతుందో లేదో అని కంగారు ఉండదు. వేసవి సెలవులకైతే ఆ బండి టికెట్లు రిజర్వేషన్ తెరిచిన వారంలోనే తీసుకోవాలి, అప్ప ఇంకా బావని అడిగి చెప్తానంటోంది.