మడత జాలీ గూడు: కొత్త పుంజును మందలో కలపడానికి పనికొస్తుందా?

పనికొస్తుంది, కానీ కొన్నది కొన్నట్టు వాడితే మాత్రం కాదు. 3 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ఈ గూడును పెట్టల ఆవరణలోనే నిలబెట్టి, పుంజును అందులో వారం, పది రోజులు ఉంచాలి. పెట్టలూ పుంజూ ఒకదాన్నొకటి చూసుకోవాలి, ముక్కులు మాత్రం తగలకూడదు. అసలు లోపం అక్కడే ఉంది. కడ్డీల మధ్య సందు అంగుళంన్నర. పుంజు తల బయటికి పెడుతుంది, పెట్ట దాని తురాయి మీద పొడుస్తుంది. తురాయికి చిన్న గాటు పడినా రక్తం బాగా కారుతుంది. ఎరుపు కనబడితే మిగతావీ అక్కడే పొడుస్తాయి. అందుకే కింది నుంచి అడుగున్నర ఎత్తు వరకు అరంగుళం వెల్డెడ్ జాలీ చుట్టి తీగతో కట్టండి, తీగ మొనలు బయటికి మడవండి. పల్చటి ఆరుకోణాల కోళ్ల వల సాగిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు.

అడుగున ఉన్న ప్లాస్టిక్ ట్రే మూలల్లో రెట్ట, తడి నిలిచిపోతాయి. తడి పరుపులో కాక్సిడియా (కోళ్ల పేగులకు పట్టే పరాన్నజీవి) త్వరగా ముదురుతుంది. మూడంగుళాల ఊక గానీ రంపపు పొట్టు గానీ పరిచి, తడిసిన చోట రోజూ తీసేయాలి.

దాణా గిన్నెలు జాలీకి అటొకటి ఇటొకటి ఆనించి పెడితే పక్కపక్కనే తింటూ అలవాటు పడతాయి. పెట్టలు మెడ ఈకలు రేపడం మానేశాక, చీకటి పడ్డాక పుంజును వాటి పక్కన కర్ర మీద కూర్చోబెట్టండి. చీకట్లో కోళ్లకు చూపు ఆనదు, గొడవ లేచేది తెల్లారాకే. కాబట్టి వెలుగు రాకముందే మనిషి అక్కడ ఉండాలి. ఒకదానికొకటి కనబడని చోట్ల ఇంకో దాణా గిన్నె, నీళ్ల గిన్నె పెట్టకపోతే ఓడిన పక్షి పస్తుంటుంది.

ఐదు నెలల పుంజునైతే ముదురు పెట్టలు తరుముతాయి. రక్తం కారనంత వరకు, అది తిండి మానేయనంత వరకు జోక్యం వద్దు. ముదురు పుంజుతో వ్యవహారం వేరు: ఎనిమిది, పది పెట్టలైనా లేకపోతే పెట్టను తొక్కి తొక్కి వీపు ఈకలు ఊడదీస్తుంది. అప్పుడు ఇదే గూడు ఆ పెట్టకు విశ్రాంతి గది అవుతుంది, ఇది నిజంగా మెచ్చుకోదగ్గ ఉపయోగం.

రోగాలు కనిపెట్టే విడిగది పని మాత్రం దీనితో జరగదు. కొత్త పుంజును మందకు దూరంగా 30 రోజులు ఉంచాకే ఈ గూట్లోకి తేవాలి. ఆ నెలలో రెక్కల కింద, మలద్వారం చుట్టూ పేలు, కాళ్ల మీద లేచిన పొలుసులు, తుమ్ములు, కంట్లో నురగ చూసుకోండి. మేత మందకు ముందు, దానికి చివర.

మెడ పొడుగు జాతులకు 2 అడుగుల ఎత్తు చాలదు, కూసేటప్పుడు తురాయి పైకడ్డీకి ఒరుసుకుంటుంది. వాటికి రెండున్నర అడుగుల గూడే తీసుకోండి. తలుపు గడియ వదులు, పుంజు గట్టిగా తోస్తే ఊడుతుంది. ఒక కొక్కెం అదనంగా బిగించండి.