బెరడు మీద అర్జీ, కాన్వాస్ మీద సాక్ష్యం

భూమి మాదేనని చెప్పడానికి మనకైతే పట్టా కాగితం ఉంటుంది. ఆస్ట్రేలియా ఆదివాసులు ఆ పని బొమ్మలతో చేశారు, రెండు రకాలుగా.

1963లో బాక్సైట్ గని కోసం, నార్తర్న్ టెరిటరీ అనే ఉత్తరాది ప్రాంతంలో ఆదివాసులకు కేటాయించిన ఆర్నెమ్ ల్యాండ్ రిజర్వు నుంచి 300 చదరపు కిలోమీటర్లకు పైగా తీసేశారు. అక్కడి యోల్ంగు జనాన్ని ఎవరూ అడగలేదు. అక్కడి యిర్కలా అనే ఊరి పెద్దలు తమ భాషలో, ఇంగ్లిష్‌లో అర్జీ టైపు చేయించి చెట్టు బెరడుకి అంటించారు. చుట్టూ అంచుల్లో, ఈ నేల తమదని తమ చట్టం ప్రకారం చెప్పే వంశాల గుర్తులు గీసి పార్లమెంటుకు పంపారు. అంటే సర్కారు భాష మధ్యలో, తమ చట్టం అంచుల్లో. పార్లమెంటు కమిటీ వేసింది గానీ గని ఆగలేదు. 1971లో కోర్టులోనూ ఓడిపోయారు.

న్గురారా కాన్వాస్ దారి వేరు. 1997లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రేట్ శాండీ ఎడారి వాళ్లు సుమారు 8 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు గుడ్డ మీద తమ నీటి గుంటలన్నీ వేశారు. ఆదివాసుల భూహక్కు దావాలు చూసే ట్రిబ్యునల్ వాళ్లు వచ్చినప్పుడు దాన్ని నేల మీద పరిచారు. ఒక్కొక్కరూ తమ ఊటబావి బొమ్మ మీదికి నడిచి, అక్కడే నిలబడి సొంత భాషలో మాట్లాడారు. నాకైతే ఇదే గట్టి సాక్ష్యం అనిపిస్తుంది, ఎందుకంటే ఈ బొమ్మలో బతిమాలుకోవడమన్నదే లేదు. 2007లో దాదాపు 77,000 చదరపు కిలోమీటర్ల మీద హక్కు దక్కింది. అయితే పదేళ్లు పట్టింది.

బెరడు అర్జీ ఓడిందని కొట్టిపారేయలేం. నార్తర్న్ టెరిటరీలో 1976 భూహక్కుల చట్టానికి దారి అక్కడే మొదలైంది. పార్లమెంటు ముందుకు వచ్చిన రెండు బెరడు అర్జీలు ఇప్పుడు కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో ఉన్నాయి.