జైపూర్ నీలం కుండా, నిజామాబాద్ నల్ల కుండా?

ముందే చెబుతున్నా, ఈ నిజామాబాద్ మనది కాదు, ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ దగ్గరిది.

జైపూర్ బ్లూ పాటరీలో కుమ్మరులు వాడే మామూలు బంకమన్నే ఉండదంటే చాలామంది నమ్మరు. క్వార్ట్జ్ పొడి, గాజుపొడి, కాస్త ముల్తానీ మట్టి, జిగురు కలిపి రొట్టెపిండిలా పిసికి అచ్చుల్లో ఒత్తుతారు. నీలం కోబాల్ట్‌ది, ఆకుపచ్చ కలిసిన నీలం రాగిది. ఈ పద్ధతి పర్షియా, మధ్య ఆసియాల నుంచి వచ్చింది. 20వ శతాబ్దంలో దాదాపు అంతరించిపోతుంటే చిత్రకారుడు కృపాల్ సింగ్ షెఖావత్ మళ్లీ నిలబెట్టారు.

నిజామాబాద్‌ది అచ్చంగా సారె మీద తిరిగిన చెరువుమట్టి. మామిడి బెరడు, వెదురాకులు, అడ్డసరం ఆకులతో చేసిన పూత పూసి, ఆవనూనె రాసి నున్నగా రుద్ది, పదునైన పుల్లతో పువ్వులూ తీగలూ గీస్తారు. తర్వాత ఊక వేసి గాలి చొరకుండా మూసి కాలిస్తే, ఆ పొగంతా పట్టి కుండ నిగనిగలాడే నలుపవుతుంది. గీతల్లో జింకు, పాదరసం కలిపిన పొడి రుద్దగానే వెండితీగ పొదిగినట్టు మెరుస్తుంది, నల్లటి లోహంలో వెండితీగ పొదిగే బీదర్ వాళ్ల బిద్రీ పనిలా. ఈ కుమ్మరుల పూర్వీకులు మొఘలుల కాలంలో గుజరాత్ నుంచి వచ్చారంటారు.

గోడకు టైల్స్ కావాలంటే జైపూర్‌దే. పూలకూజా అయితే మాత్రం నా ఓటు నల్లదానికే, కాకపోతే ఆ పాదరసం వల్ల అందులో తిండి పెట్టకండి.